ఇశ్రాయేలు, ఇజ్రాయెల్: రాజ్యం విషయంలో యూదు విశ్వాసులది ఒకే మాట కాదు

పరిశుద్ధ గ్రంథం తెరిస్తే మనం “ఇశ్రాయేలు” అని చదువుతాం. దినపత్రిక తెరిస్తే “ఇజ్రాయెల్” అని చదువుతాం. మొదటిది యాకోబుకు దేవుడు పెట్టిన పేరు, ఆయన సంతానానికి వచ్చిన పేరు. రెండోది 1948లో ఏర్పడిన ఒక దేశం పేరు. హెబ్రీలో రెండూ ఒకే మాట. తెలుగులో మాత్రం అవి రెండు మాటలుగా నిలిచాయి. ఆ తేడా మనకు ఎంతో ఉపయోగపడేది. కానీ ఆదివారం ప్రసంగానికీ సాయంత్రం వార్తలకూ మధ్య ఎక్కడో ఆ రెండు మాటలూ కలిసిపోతున్నాయి.

2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడి, ఆ తరువాత గాజాలో సాగిన యుద్ధం మన సంఘాల ప్రార్థనల్లోకి వచ్చాయి. కాటారం, మహదేవపూర్ వైపు పల్లెల్లోని చిన్న ప్రార్థనా కూటాలకు కూడా ఇది దూరపు వార్త కాదు. ఉత్తర తెలంగాణ జిల్లాల నుండి వెళ్లి ఇజ్రాయెల్‌లో వృద్ధులకు, రోగులకు సేవ చేస్తూ ఇంటికి డబ్బు పంపుతున్న మనవాళ్లు ఉన్నారు. అందుకే ఈ విషయం మీద మాటలు ఎక్కువగా వినబడుతున్నాయి. వాటిలో రెండు మాటలు మమ్మల్ని కలవరపెడుతున్నాయి. ఒకటి, “యూదులందరూ ఈ రాజ్యాన్ని ప్రవచన నెరవేర్పుగానే నమ్ముతారు, ఆ ప్రభుత్వాన్ని ప్రశ్నించేవాడు దేవుణ్ణి ప్రశ్నించినట్లే” అనేది. రెండోది, “ఆ ప్రభుత్వం చేసే ప్రతి పనికీ ప్రతి యూదుడూ బాధ్యుడే” అనేది. ఒకటి మెచ్చుకునేవారి మాట, మరొకటి ద్వేషించేవారి మాట. అయినా రెండింటి కింద ఉన్న పొరపాటు ఒక్కటే: యూదులకు రాజ్యం విషయంలో ఒకే అభిప్రాయం ఉందనుకోవడం.

వాస్తవం వేరు. దేవునికి భయపడి, ధర్మశాస్త్రాన్ని పాటించే యూదులలోనే ఈ విషయం మీద నూరేళ్లకు పైగా తీవ్రమైన వాదం నడుస్తోంది. ఆ వాదం మనమూ చదివే లేఖనాల మీదే నడుస్తోంది. యూదులమని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం ఒకటి గుంటూరు జిల్లాలో ఉంది. ఈ వాదం వారి గడపను కూడా తాకింది. ఈ వారం ఆ భిన్నాభిప్రాయాలను క్రమంగా పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఈ వ్యాసంలో ప్రజలను ఉద్దేశించి “ఇశ్రాయేలు” అనీ, నేటి దేశాన్ని ఉద్దేశించి “ఇజ్రాయెల్” అనీ రాస్తున్నాం.

సీయోను మీద ప్రేమ, సీయోనువాదం

సీయోను అనేది యెరూషలేములోని కొండ పేరు. కీర్తనల్లో, ప్రవక్తల గ్రంథాల్లో అది పట్టణమంతటికీ, దేశమంతటికీ గుర్తుగా మారింది. భక్తిగల యూదుడు రోజుకు మూడుసార్లు చేసే నిలువు ప్రార్థనలో చెదరిపోయినవారు సమకూర్చబడాలని, యెరూషలేము తిరిగి కట్టబడాలని వేడుకుంటాడు. పస్కా భోజనాన్ని వచ్చే ఏటి పండుగ యెరూషలేములో జరగాలన్న ఆశతో ముగిస్తాడు. పెండ్లిలో వరుడు గాజుపాత్ర పగలగొట్టడం కూడా ఆ పట్టణం పాడైన సంగతిని సంతోషంలో సైతం మరువకూడదనే.

కాబట్టి సీయోనును ప్రేమించాలా వద్దా అన్నది వారి మధ్య ప్రశ్న కాదు. ఆ ప్రేమ ఎవరి చేత, ఎప్పుడు, ఎలా నెరవేరాలి అన్నదే ప్రశ్న. మెస్సీయ వచ్చి చేయవలసిన పనిని మనుషులు చేతిలోకి తీసుకోవచ్చా? పార్లమెంటు, సైన్యం, పన్నులు ఉన్న రాజ్యం దేవుని వాగ్దానానికి రూపమా, లేక కేవలం ప్రాణరక్షణకు మనుషులు కట్టుకున్న ఏర్పాటా?

సీయోనువాదం, అంటే వార్తల్లో జియోనిజం అని వినిపించేది, 19వ శతాబ్దం చివర ఐరోపాలో రూపుదిద్దుకున్న రాజకీయ ఉద్యమం. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద జరిగిన దాడులు, పశ్చిమ ఐరోపాలో పెరుగుతున్న యూదు ద్వేషం దానికి కారణాలు. థియోడర్ హెర్జల్ అనే పాత్రికేయుడు 1896లో యూదులకు ఒక రాజ్యం కావాలని పుస్తకం రాశాడు. మరుసటి ఏడు, 1897 ఆగస్టులో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మొదటి సీయోనువాద మహాసభ జరిపాడు. హెర్జల్ మతనిష్ఠ గలవాడు కాదు. ఆయన అనుచరుల్లో చాలామందికి సమాజమందిరంతో సంబంధం తక్కువే.

ఆ మహాసభను మొదట జర్మనీలోని మ్యూనిక్‌లో జరపాలని అనుకున్నారు. వద్దన్నది అక్కడి యూదులే. జర్మనీ రబ్బీల సంఘ నాయకులు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. యూదు రాజ్యం కోసం ప్రయత్నించడం మెస్సీయ నిరీక్షణకు విరుద్ధమనీ, తాము నివసించే దేశానికి నమ్మకంగా ఉండడం తమ మతధర్మమనీ వారి వాదన. అందుకే సభ బాసెల్‌కు మారింది. అంటే ఉద్యమం మొదటి అడుగు వేసిన రోజే యూదు మతపెద్దలలో భేదం బయటపడింది.

పరమగీతము చుట్టూ వాదం

ఈ భేదానికి మూలమైన లేఖనం మన బైబిలులోనూ ఉంది. పరమగీతము 2:7, 3:5, 8:4 వచనాల్లో ఒక పల్లవి మూడుసార్లు వస్తుంది: ప్రేమను దానికి ఇష్టమయ్యే వరకు లేపవద్దని యెరూషలేము కుమార్తెల చేత ప్రమాణం చేయించే మాట. యూదు బోధకుల చర్చల సంపుటమైన బబులోను తల్మూదులో, కెతుబోత్ అనే భాగంలో, ఈ మూడు వచనాలకు మూడు ప్రమాణాలుగా ఒక వ్యాఖ్యానం ఉంది. చెరలో ఉన్న ఇశ్రాయేలు గుంపుగా, బలవంతంగా దేశానికి తిరిగి వెళ్లకూడదు. తాము నివసించే జనముల మీద తిరుగుబాటు చేయకూడదు. అన్యజనులు ఇశ్రాయేలును మితిమీరి బాధించకూడదు. మొదటి రెండు ఇశ్రాయేలు చేసిన ప్రమాణాలు, మూడోది జనములు చేసినది.

ఈ వ్యాఖ్యానం తప్పనిసరి ఆజ్ఞా, లేక బోధ కోసం చెప్పిన ఉపమానం వంటిదా? ఇక్కడే దారులు చీలాయి.

రాజ్యమే పాపమన్నవారు

రబ్బీ యోయెల్ తైతెల్‌బౌం (1887–1979) సత్మార్ అనే హసీదీ సమాజానికి నాయకుడు. సత్మార్ పట్టణం నేడు రుమేనియాలో ఉంది. మూడు ప్రమాణాలు ఇశ్రాయేలును కట్టిపడేసే ఆజ్ఞలని ఆయన బోధించాడు. మెస్సీయకు ముందు రాజ్యం స్థాపించడం దేవుని మీద తిరుగుబాటు, యూదుల మీదికి వచ్చిన ఘోరమైన శ్రమలకు అదే కారణం అని 1961లో “వాయోయెల్ మోషే” అనే గ్రంథంలో సుదీర్ఘంగా వాదించాడు. ఈ బోధలో వినడానికి కష్టమైన మాట ఉంది: నాజీల చేతిలో చనిపోయిన లక్షలాదిమంది శ్రమను యూదులలో కొందరు చేసిన పాపానికే ముడిపెట్టడం. చాలామంది రబ్బీలు దాన్ని గట్టిగా ఖండించారు. 1944లో హంగేరి నుండి నాజీల చేయి తప్పించుకుని ఆయన బయటపడిన రైలును ఏర్పాటు చేసినవాడు ఒక సీయోనువాద నాయకుడే. ఆ సంగతి కూడా ఆయన అభిప్రాయాన్ని మార్చలేదు. తరువాత ఆయన న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. సత్మార్ నేడు హసీదీ సమాజాల్లో అతి పెద్దవాటిలో ఒకటి. వారు ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటు వేయరు, ప్రభుత్వ నిధులు తీసుకోరు.

వీరికంటే చాలా చిన్న గుంపు నెతురే కార్తా. అరామిక్ భాషలో ఆ పేరుకు “పట్టణపు కావలివారు” అని అర్థం. 1930లలో యెరూషలేములో పుట్టింది. నల్లకోటు, టోపీ ధరించి పాలస్తీనా జెండా పట్టుకున్న యూదుల ఫొటోలు మన ఫోన్లకు వస్తుంటాయి కదా, వారిలో ఎక్కువమంది వీరే. 2006లో యూదుల సంహారాన్ని శంకించేవారు టెహ్రాన్‌లో జరిపిన సభకు వీరిలో కొందరు వెళ్లినప్పుడు సత్మార్ నాయకులే ఖండించారు. రాజ్యాన్ని వ్యతిరేకించేవారిలోనూ ఇన్ని తేడాలు ఉన్నాయి. ఒక ఫొటో చూసి “నిజమైన యూదులు వీరే” అని పంచుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఒప్పుకోరు, విడిచిపెట్టరు

ఇజ్రాయెల్‌లోని అతినిష్ఠ గల యూదులలో, అంటే హరేదీలలో, ఎక్కువమందిది మధ్యదారి. 1912లో కటోవిట్సే పట్టణంలో ఏర్పడిన అగుదత్ ఇశ్రాయేలు సంస్థ సీయోనువాదాన్ని వ్యతిరేకించడానికే పుట్టింది. కానీ రాజ్యం వచ్చేసరికి దాని నాయకులు, “ఇది విమోచన కాదు, అయినా అందులో లక్షలాది యూదులు బ్రదుకుతున్నారు, కాబట్టి లోపల ఉండి ధర్మశాస్త్రాన్ని కాపాడుకుందాం” అన్నారు. 1947లో డేవిడ్ బెన్ గురియన్ వారికి ఒక లేఖ పంపాడు. విశ్రాంతిదినం, ప్రభుత్వ వంటశాలల్లో ఆహార నియమాలు, వివాహ వ్యవహారాలు, మతపాఠశాలల విషయంలో అందులో హామీలు ఉన్నాయి. నేటికీ ఇజ్రాయెల్‌లో యూదుల పెండ్లిండ్లు రబ్బీల న్యాయస్థానాల కింద ఉండడానికి ఆ ఒప్పందమే పునాది.

1948 మే 14, శుక్రవారం, విశ్రాంతిదినం మొదలుకాక ముందే స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు జరిగాయి. దేవుని పేరు ఉండాలని మతనిష్ఠ గలవారు, వద్దని నాస్తికులు పట్టుబట్టారు. చివరికి “ఇశ్రాయేలు శిల” అనే మాట రాశారు. ఒకరు దాన్ని దేవుడని చదువుకున్నారు, మరొకరు ప్రజల బలమని చదువుకున్నారు. ఆ ఒక్క మాట చాలు ఆ రాజ్యంలోని అంతర్గత భేదం తెలియడానికి.

1952లో బెన్ గురియన్ బెనే బ్రాక్ పట్టణంలో హజోన్ ఇష్ అని పేరుపొందిన రబ్బీ అవ్రాహాం కరేలిట్జ్‌ను కలిశాడు. ఇరుకు దారిలో రెండు బండ్లు ఎదురుపడితే ఖాళీ బండి సరుకు బండికి దారి ఇవ్వాలని ఆ రబ్బీ చెప్పినట్లు ప్రసిద్ధి. ధర్మశాస్త్ర భారం మోసే మాకు మీరు దారి ఇవ్వాలన్నది దాని భావం. ధర్మశాస్త్రం చదివే 400 మంది విద్యార్థులకు మొదట్లో సైనిక సేవ నుండి మినహాయింపు ఇచ్చారు. కాలక్రమేణా ఆ సంఖ్య వేలు దాటి పదివేలలోకి పెరిగింది. 2024 జూన్ 25న ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు, హరేదీ విద్యార్థులను సైన్యంలోకి తీసుకోకుండా ఉండడానికి చట్టపరమైన ఆధారం లేదని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. నేడు అక్కడ ఇల్లిల్లూ చర్చించుకునే విషయం ఇది. కొడుకును యుద్ధానికి పంపిన తల్లి ఒకవైపు, ధర్మశాస్త్ర పఠనమే ఈ జనానికి కాపుదల అని నమ్మే తండ్రి మరోవైపు.

విమోచన మొలక అన్నవారు

రాజ్యాన్ని దేవుని కార్యంగా చూసిన రబ్బీలు కూడా మొదటి నుండి ఉన్నారు. హెర్జల్ పుట్టకముందు నుండే యెహూదా అల్కలాయ్, అతని తరువాత స్వీ హిర్ష్ కలిషెర్ అనే రబ్బీలు, విమోచన ఒక్కసారిగా ఆకాశం నుండి దిగదనీ, మనుషులు దేశానికి తిరిగి వెళ్లి పొలాలు దున్నడంతో అది మొదలవుతుందనీ రాశారు. 1902లో రబ్బీ ఇస్‌హాక్ యాకోవ్ రైనెస్ విల్నా నగరంలో మిజ్రాహీ అనే మతపరమైన సీయోనువాద సంస్థను స్థాపించాడు. ఆయన ప్రధానంగా ప్రాణరక్షణ గురించి మాట్లాడాడు, మెస్సీయ కాలం గురించి కాదు.

ఆ దారికి లోతైన వేదాంతం ఇచ్చినవాడు రబ్బీ అవ్రాహాం ఇస్‌హాక్ కూక్ (1865–1935). 1904లో యాఫాకు వచ్చి, 1921లో పాలస్తీనాలోని అష్కెనాజీ యూదుల మొదటి ప్రధాన రబ్బీ అయ్యాడు. విశ్రాంతిదినం పాటించని, దేవుణ్ణి నమ్మని యువకులు అక్కడ బురదనేలలు ఎండగట్టి ఊళ్లు కడుతున్నారు. ఇతర రబ్బీలు వారిని తిట్టారు. కూక్ మాత్రం, వారికి తెలియకుండానే వారు దేవుని ఉద్దేశాన్ని నెరవేరుస్తున్నారని అన్నాడు. ఎజ్రా కాలంలో విశ్వాసి కాని కోరెషును దేవుడు వాడుకోలేదా అన్న ఆలోచన మన పాఠకులకు కొత్త కాదు. 1948లో ప్రధాన రబ్బీలు రాజ్యం కోసం ఒక ప్రార్థన వెలువరించారు. రాజ్యాన్ని విమోచన తొలి మొలకగా వర్ణించే ఆ ప్రార్థన నేటికీ అనేక సమాజమందిరాల్లో వినబడుతుంది.

మూడు ప్రమాణాలకు వీరి జవాబు ఏమిటి? 1920లో సాన్ రెమో సమావేశంలో జనములు యూదుల జాతీయ నివాసానికి సమ్మతి తెలిపాయి గనుక ఇది తిరుగుబాటు కాదని కొందరు అన్నారు. అన్యజనులు తమ ప్రమాణాన్ని ఘోరంగా మీరిన తరువాత మిగిలిన రెండూ నిలవవని మరికొందరు అన్నారు. అమెరికాలోని రబ్బీ యోసెఫ్ సొలొవైచిక్ 1956లో చేసిన ప్రసంగంలో పరమగీతములోనే మరో చోటికి వెళ్లాడు. 5వ అధ్యాయంలో ప్రియుడు తలుపు తడతాడు, ప్రియురాలు లేవడానికి ఆలస్యం చేస్తుంది, తీసేసరికి ఆయన వెళ్లిపోయి ఉంటాడు. నాజీల సంహారం జరిగిన మూడేళ్లకే రాజ్యం రావడం అలాంటి తలుపు చప్పుడని, ఈసారి ఆలస్యం చేయవద్దని ఆయన అన్నాడు. అదే పరమగీతములో ఒకరికి “లేపవద్దు” అన్న మాట వినబడింది, మరొకరికి “లేచి తలుపు తీయి” అన్న పిలుపు వినబడింది.

1967 తరువాత

1967 జూన్ యుద్ధంలో తూర్పు యెరూషలేము, పశ్చిమ తీరం ఇజ్రాయెల్ చేతికి వచ్చాయి. హెబ్రోను, షెకెము, బేతేలు వంటి బైబిలు స్థలాలు అందులో ఉన్నాయి. కూక్ కుమారుడు రబ్బీ స్వీ యెహూదా శిష్యులు, ఆ నేలలో ఒక్క అడుగు కూడా విడవకూడదని బోధించారు. 1974లో వారిలో కొందరు గుష్ ఎమునీమ్ అనే ఉద్యమం ప్రారంభించి అక్కడ నివాసాలు కట్టారు. అక్కడ తరతరాలుగా ఉన్న పాలస్తీనీయులకు ఆ నివాసాలు నేల పోగొట్టుకోవడంగా, సైనిక పాలనగా అనుభవంలోకి వచ్చాయి.

మతనిష్ఠ గలవారంతా ఆ దారిలో వెళ్లలేదు. సెఫార్దీ ప్రధాన రబ్బీ ఓవాదియా యోసెఫ్ 1979లో, నేలను విడిచిపెడితే ప్రాణాలు నిలిచే మాటైతే విడిచిపెట్టవచ్చని ధర్మశాస్త్రం ఆధారంగా చెప్పాడు. ప్రాణరక్షణ కోసం విశ్రాంతిదినాన్నే పక్కనపెట్టవచ్చని బోధించే మతంలో అది తేలికైన వాదన కాదు. తాను స్వయంగా నాజీ శ్రమశిబిరం నుండి బతికి వచ్చిన రబ్బీ యెహూదా అమితాల్ 1988లో, నేలకంటే ప్రజలు ముఖ్యమనే ఆలోచనతో మెయ్‌మాద్ అనే ఉద్యమాన్ని ప్రారంభించాడు. యెషయాహు లైబోవిట్జ్ (1903–1994) అనే శాస్త్రవేత్త ఆజ్ఞలన్నీ నిష్ఠగా పాటించినవాడు, సీయోనువాది కూడా. రాజ్యం మనుషుల పనిముట్టు మాత్రమేననీ, దాన్ని పరిశుద్ధం అనడం విగ్రహారాధన అవుతుందనీ, ఇంకొక జనం మీద అధికారం చలాయించడం తన ప్రజల మనస్సాక్షిని పాడుచేస్తుందనీ ఆయన 1967 నుండే హెచ్చరించాడు.

మేము జనం కాదు, మతమన్నవారు

అమెరికాలోని సంస్కరణవాద యూదు రబ్బీలు 1885లో పిట్స్‌బర్గ్‌లో సమావేశమై, తాము ఇక ఒక జాతి కాదనీ, ఒక మతసమాజమనీ, పాలస్తీనాకు తిరిగి వెళ్లాలని ఎదురుచూడడం లేదనీ ప్రకటించారు. హిట్లరు కాలం వారి ఆలోచన మార్చింది. 1937లో కొలంబస్ నగరంలో అదే శాఖ రబ్బీలు, పాలస్తీనాలో యూదుల నివాసాన్ని కట్టడానికి సహాయపడడం అందరి బాధ్యత అన్నారు. యాభై ఏళ్లలో ఒక సంఘం బోధ ఇంతగా మారింది. దానికి ఒప్పుకోని కొందరు రబ్బీలు 1942లో విడిగా ఒక సంస్థ పెట్టుకున్నారు. అదే కాలంలో సంస్కరణవాద రబ్బీ, హెబ్రీ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు జూడా మాగ్నెస్, తత్వవేత్త మార్టిన్ బూబెర్, యూదులూ అరబ్బులూ సమానంగా పాలించుకునే ఒకే రాజ్యం కావాలని కోరారు.

మన దేశ చరిత్రలో వినిపించే ఒక పేరు కూడా ఇక్కడ ఉంది. 1919 మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల్లోని ఎడ్విన్ మాంటేగు యూదుడు. 1917లో బ్రిటిషు మంత్రివర్గంలో భారత వ్యవహారాల మంత్రిగా ఉండి, యూదుల జాతీయ నివాసానికి మద్దతు తెలిపే బాల్ఫర్ ప్రకటనను గట్టిగా ఎదిరించాడు. ఆయన మతబోధకుడు కాదు, కానీ ఆయన భయం చాలామంది యూదులది: మాకంటూ ఒక దేశం ఏర్పడితే, మేము పుట్టి పెరిగిన ప్రతి దేశంలోనూ మమ్మల్ని పరాయివారుగా చూస్తారు.

కొత్తరెడ్డిపాలెం ప్రశ్న

1950లో ఇజ్రాయెల్ చేసిన తిరిగి వచ్చే హక్కు చట్టం ప్రతి యూదునికీ అక్కడ స్థిరపడే హక్కు ఇచ్చింది. అయితే యూదుడు ఎవరు? 1962లో సహోదరుడు దానియేలు అనే కతోలిక సన్యాసి ఆ హక్కు కోరాడు. యూదు తల్లిదండ్రులకు పుట్టి, నాజీల కాలంలో అనేకమంది యూదుల ప్రాణాలు కాపాడి, తరువాత క్రీస్తును అంగీకరించినవాడు ఆయన. రబ్బీల ధర్మం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాడు యూదుడే. కానీ సుప్రీంకోర్టు, మతం మారినవారికి ఆ చట్టం వర్తించదని చెప్పింది. 1970లో చట్టాన్ని సవరించి, యూదు తల్లికి పుట్టినవారు లేక యూదు మతంలోకి మారినవారు, వేరే మతానికి చెందనివారు అని నిర్వచించారు.

ఈ ప్రశ్న భారతదేశపు యూదులనూ తాకింది. కొంకణ తీరపు బెనే ఇశ్రాయేలు వారు వలసవెళ్లిన తరువాత, 1960ల ప్రారంభంలో వారి వివాహాల విషయంలో అక్కడి రబ్బీలు సందేహాలు లేవనెత్తారు. వారు ఆందోళన చేశారు. 1964లో వారిని అన్ని విధాలా యూదులుగానే చూడాలన్న ప్రకటన వచ్చింది. మిజోరం, మణిపూర్‌లలోని బెనే మెనషే వారిని 2005లో సెఫార్దీ ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతానంగా అంగీకరించాడు. అయినా వారు నియమప్రకారం యూదు మతంలోకి మారే ప్రక్రియ పూర్తి చేయవలసి వచ్చింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వీరు మాదిగ సమాజానికి చెందినవారు. బాప్టిస్టు క్రైస్తవ నేపథ్యం నుండి వచ్చినవారు. 1980ల దశకం చివరలో, యాకోబీ కుటుంబానికి చెందిన అన్నదమ్ముల నాయకత్వంలో, తమ పూర్వీకులు ఎఫ్రాయిము గోత్రపువారని ప్రకటించి, సమాజమందిరం పెట్టుకుని, హెబ్రీ నేర్చుకుని, విశ్రాంతిదినం పాటించడం మొదలుపెట్టారు. విదేశాల యూదులు కొందరు వచ్చి వారికి బోధించారు. బెనే మెనషేకు వచ్చినటువంటి గుర్తింపు వీరికి రాలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వీరి గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఈ సమాజం కథలో కులవివక్ష నుండి విడుదల కోసం పడే తపన ఎంత బలంగా ఉందో వారు చూపించారు.

గోత్రం నిరూపణ అయిందా లేదా అన్న తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ ఒక్కటి గమనించండి. న్యూయార్క్‌లోని సత్మార్ యూదునికి ఆ దేశానికి వెళ్లే హక్కు ఉంది, ఆ రాజ్యం మాత్రం అతనికి వద్దు. కొత్తరెడ్డిపాలెంలో ఆ దేశం కోసం ఆశతో ఎదురుచూసినవారికి తలుపు తెరుచుకోలేదు. అంటే విశ్వాసమూ పౌరసత్వమూ ఒకటి కాదు, వాగ్దానమూ పాస్‌పోర్టూ ఒకటి కాదు. ఇక వారిని మన సంఘాల్లో కొందరు “వెనక్కి పోయినవారు” అని ఎగతాళి చేస్తారు. ఆ మాట అనేముందు, క్రీస్తు బల్ల దగ్గర కూడా కులం పోలేదన్న వేదన దళిత విశ్వాసులలో ఎందుకు మిగిలిందో మనల్ని మనం అడగాలి.

సంఘం ఏమి చేయాలి?

ఈ వివరాలు తెలుసుకున్నంత మాత్రాన రోమీయులకు రాసిన పత్రిక 9 నుండి 11 అధ్యాయాల భావం మీద మన శాఖల మధ్య ఉన్న తేడాలు తొలగిపోవు. 1948 నాటి సంగతిని ప్రవచన నెరవేర్పుగా నమ్మే సేవకులు మనలో ఉన్నారు, నమ్మనివారూ ఉన్నారు. ఆ తీర్పును ఈ వ్యాసంలో ఇవ్వడం లేదు. అయితే ఏ అభిప్రాయం గలవారైనా పాటించవలసినవి మూడు ఉన్నాయని మా నమ్మకం.

మొదటిది, సాక్ష్యం విషయంలో సత్యం. “యూదులందరూ ఇలా నమ్ముతారు” అని వేదిక మీద చెప్పడం పొరుగువాని గురించి అబద్ధసాక్ష్యం పలకడమే అవుతుంది. కూక్, తైతెల్‌బౌం, లైబోవిట్జ్ ముగ్గురూ ఒకే విశ్రాంతిదినం పాటించారు, ఒకే ధర్మశాస్త్రం చదివారు.

రెండోది, ద్వేషానికి తావివ్వకపోవడం. ఒక ప్రభుత్వపు నిర్ణయానికి ముంబయిలోని సమాజమందిరాన్నో, కొత్తరెడ్డిపాలెంలోని కుటుంబాన్నో బాధ్యులను చేయడం పాపం. క్రైస్తవ ప్రపంచం శతాబ్దాలుగా యూదులను హింసించిన చరిత్ర మన వెనుక ఉంది. ఆ పాత విషం కొత్త సీసాలో రాకూడదు.

మూడోది, ప్రశ్నించే స్వేచ్ఛ. ఇశ్రాయేలు రాజులను గద్దించినవారు ఇశ్రాయేలు ప్రవక్తలే. నాతాను దావీదు ఎదుట నిలిచాడు, ఏలీయా అహాబు ఎదుట నిలిచాడు. నేటి రబ్బీలు తమ ప్రభుత్వాన్ని ప్రశ్నించగలిగినప్పుడు, మనం ప్రశ్నిస్తే శాపం తగులుతుందని సంఘాన్ని భయపెట్టడం తగదు. ఇజ్రాయెల్ పౌరుల్లో దాదాపు ఐదో వంతు అరబ్బులు. వారిలో, గాజాలో, బేత్లెహేములో మన ప్రభువు నామాన్ని అరబ్బీలో పిలిచే క్రైస్తవులు ఉన్నారు. వారిని మరచిపోయే ప్రార్థన సగం ప్రార్థనే.

122వ కీర్తన చదివి యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించే అలవాటు మన సంఘాలకు ఉంది. అది మంచి అలవాటు, కొనసాగిద్దాం. అయితే ఆ పట్టణంలో ఎవరెవరు ఉన్నారో తెలిసి ప్రార్థిద్దాం. కొడుకు సైన్యంలో ఉన్న యూదు తల్లి, సైన్యం వద్దని ధర్మశాస్త్రం ముందు కూర్చున్న యువకుడు, ఇల్లు కూలిపోయిన పాలస్తీనా కుటుంబం, వృద్ధుల మంచం పక్కన రాత్రంతా మేలుకుని ఉండే మన తెలంగాణ సహోదరి. వీరందరి పేరిట అడిగే సమాధానమే యెరూషలేము సమాధానం. అట్టి సమాధానాన్ని సమాధానకర్తయగు దేవుడు త్వరగా అనుగ్రహించును గాక. ఆమేన్.